సలిగా ఉంది ముసలమ్మా

నా పదిహేనో ఏట వేసంగిలో సరిగ్గా పంతొమ్మిది రోజులపాటు మా ఇంటిల్లిపాదీ యూదులమయ్యాం. అంతకుముందు గోపాలపురం ఒడ్డున పడవలు నడుపుకునే వాడబలిజలం, ఆ తరవాతా వాళ్ళమే. మధ్యలో ఆ పంతొమ్మిది రోజులూ మా నాన్న పైడన్న నడిచిన నడకని మా వీధి ఏళ్ళ తరబడి చెప్పుకుని నవ్వింది. నాకు మటుకు నవ్వే హక్కు లేదు. ఆ నిప్పు అంటించింది నేనే.

అగ్గిపుల్ల చేతికిచ్చింది సోమేశ్వరరావు మేష్టారు. బరంపురం ఆడపిల్లల బళ్ళో ఆయన మాకు చరిత్ర చెప్పేవారు. 1934 మాట ఇది. గంజాం జిల్లా ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది, కానీ ఎన్నాళ్ళుంటుందో ఎవరికీ తెలీదు. ఏ అరుగు మీద చూసినా ముందొచ్చింది తెలుగువాళ్ళా ఒడియావాళ్ళా అన్న తగువే. ఆ తగువు విని విని మేష్టారికి ఒక ఆలోచన పుట్టింది. ఉగాది సెలవులిస్తూ, "మీ వంశం ఈ జిల్లాకు ఎచ్చటి నుండి వచ్చింది, ఎందుకు వచ్చింది? పెద్దలను అడిగి పది పేజీలు వ్రాసుకురండి," అన్నారు.

సెలవులయ్యాక చూస్తే క్లాసులో ఇరవైముగ్గురికి పధ్నాలుగుమంది రాజవంశాల్లో తేలారు. పొలసర నుంచి వచ్చిన పిల్ల తమ ముత్తాత ఏనుగు మీద వచ్చాడని రాసింది. నా పక్కన కూర్చునే దిగపహండి చిట్టమ్మ ఒక్కతే, తమవాళ్ళు ఎద్దుబండిలో వచ్చారని, ఇరుసు విరిగినచోట దిగి అక్కడే ఉండిపోయారని రాసింది. మేష్టారు ఆ పిల్లకి అందరికంటే తక్కువ మార్కులు వేశారు.

ఇక నా సంగతి. అమ్మ లేదు, నన్ను పెంచింది నాన్న తల్లే, ఆవిడ పేరు ముసలమ్మ. పలకా బలపం పట్టినట్టు పెన్సిలు పట్టుకుని మామ్మ ఎదురుగా కూర్చున్నాను.

"మామ్మా, తాత పేరేటి?"

"ఓలమ్మ, నాను అనకూడదు."

"తాత తండ్రి పేరు?"

"మావగారి పేరు అసలే అనకూడదు."

"పోనీ మీ అత్తది?"

"ఆయమ్మ సచ్చిపోయి ముప్పయ్యేళ్ళయినాది. అయినా ఇనేత్తాది."

మొగుడి పేరు, మావ పేరు, అత్త పేరు, బావ పేరు నోటితో అనకూడదు గనక మా వంశంలో పేరున్న మనిషి మామ్మ ఒక్కతే మిగిలింది. నాన్ననడిగితే తండ్రి పేరు మసేను అని చెప్పి, ఆ పైనంతా "పెద్దోలు" అనేశాడు. ఎక్కణ్ణుంచి వచ్చామంటే మామ్మ దక్షిణం వైపు చెయ్యి చూపించింది. ఎందుకొచ్చామంటే, "సేపలు ఇటొచ్చినాయి, ఎనకాల మనం వచ్చినాం," అంది. పది పేజీలకి అది చాలదు. అందుకని మిగతా పేజీల నిండా మా ఇంటి అలవాట్లు రాసి పడేశాను.

మా ఇంటి కుండలో జెల్ల, సొర, టేకు, రొయ్య, పీత ఉడకవు. పొలుసున్న చేపే లోపలికి రావాలి. కోడిని కోస్తే హుమ్మ మళ్ళ కల్లుప్పు పట్టించి నెత్తురంతా దిగేదాకా ఉంచి కడగాలి. శుక్రవారం పొద్దు వాలకముందే దీపం పెట్టాలి. అప్పుడే ఒక కుండలో గుడ్లు, గుప్పెడు ఉల్లిపొట్టు వేసి నిప్పుల మీద పెట్టి బూడిద కప్పేయాలి, పొద్దున్నకి గుడ్డు లోపలిదాకా గోధుమరంగు తిరుగుతుంది. శనివారం మా ఇంట్లో పొయ్యి వెలగదు. కట్టుకెళ్ళడానికి అన్నం ఉండదు గనక నాన్న ఆ రోజు పడవ దింపడు.

ఇవన్నీ మా వీధిలో ఇంకెవరూ చెయ్యరు. మామ్మ నలభై ఏళ్ళుగా వీధి చివర సరుగుడు తోటలో ఉన్న బంగళాకి పనికి పోతోందనీ తెలుసు. ఈ రెంటికీ ముడి ఉంటుందని మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఆ బంగళా మెర్కాదో వారిది. అందులో సుల్తానమ్మగారు ఒక్కరే ఉండేవారు. భర్త దావీదు దొర పూర్వం రంగం, అంటే రంగూను, వెళ్ళే ఓడలకి ఏజెంటు. ఆయన పోయి పదకొండేళ్ళయింది, తోటలోనే సమాధి. ఆవిడ ఏ దేశపు మనిషో ఏ మతమో ఊళ్ళో ఎవరూ అడగలేదు. తెల్లగా ఉంటారు గనక దొరసాని, పేరు చూసి కొందరు తురకలనుకునేవారు, మాట్లాడితే మాత్రం అచ్చం మా వీధి మనిషే. నన్ను బళ్ళో వేయించింది ఆవిడే. ఆవిడంటే నాన్నకి భయం. ఆవిడ గోపాలపురంలో ఉన్నన్నాళ్ళే నా చదువని, ఆవిడ కదిలిన మర్నాడే నన్ను కొండలు బావకిచ్చి కట్టేస్తాడని నాకు తెలుసు. కొండలు బావ మంచివాడే. వలల గురించి తప్ప రెండో మాట రాదు.

మే నెల మొదట్లో ఒక పొద్దున్న మా గుమ్మం ముందు జట్కా ఆగింది. మేష్టారు దిగారు, వెనకాలే చిట్టమ్మ. చిట్టమ్మ సెలవులకి ఊరెళ్ళకుండా బరంపురంలో మేనత్త ఇంట్లో ఉండిపోయిందట. సముద్రం చూపిస్తామంటే బండెక్కేసింది. మేష్టారి చేతిలో నా పది పేజీలున్నాయి. మామ్మ బంగళాలో ఉంది. అందుచేత మా ఇంటి ఆచారాలన్నీ, వాటి గురించి ఏమీ తెలియని మా నాన్ననడిగారు.

"పైడన్నా, మీ ఇంట రొయ్యలు తినరా?"

"ఇంట్లో తినం బాబూ. ఒడ్డున తింటాం."

"ఎందుచేత?"

"పెద్దోల కాణ్ణించీ అంతే."

"శనివారం పొయ్యి ముట్టించరెందుకు?"

"పెద్దోల కాణ్ణించీ అంతే."

మేష్టారు లేచి నిలబడ్డారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పైడన్నా, మీరు సామాన్యులు కారు. మీరు యూదులు. ఆ ఉల్లిపొట్టు గుడ్లు స్పెయిను దేశపు యూదుల వంటకమని ఒక పుస్తకంలో నా కళ్ళతో చదివాను. మీ పూర్వులు ఓడ పగిలి ఈ ఒడ్డున పడి ఉంటారు."

నాన్న నోట్లో చుట్ట తీశాడు. "యూదులంటే ఏటి బాబూ? మాకంటే ఎక్కువా, తక్కువా?"

"ఏసుక్రీస్తు పుట్టిన జాతి."

"అయితే మిషను దొరకంటే మావే ముందా?"

"వెయ్యేళ్ళు ముందు."

అంతే. ఆ సాయంత్రానికి మా నాన్న చుట్ట పట్టుకునే తీరు మారిపోయింది. కూర్చోడానికి బల్ల కావాలన్నాడు. ఒడ్డున తోటివాళ్ళు వల లాగుతుంటే దూరంగా నిలబడి చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు. ఇంటికొచ్చిన మామ్మ సంగతంతా విని నోట్లో అన్నం ముద్ద బయటికొచ్చేట్టు నవ్వింది.

"ఓరి ఎర్రోడా! అయ్యి సుల్తానమ్మగారింటి అలవాట్లురా. పదారేళ్ళప్పుట్నుంచీ ఆయమ్మ వంటింట్లో తిరుగుతున్నాను. రొయ్యలు ముట్టుకున్న సేత్తో ఆ కుండలు ముట్టుకుంటే ఆయమ్మకి పనికిరావు. అందుకని మనింట్లోనూ మానేసినాను. అలవాటయిపోనాది. శనారం నాను అక్కడ పొయ్యి ఎలిగించడానికి ఎల్లిపోతే, ఇక్కడెవులు ఎలిగిత్తారు, నువ్వా?"

"మేష్టారు సదువుకున్నోరు. నీకేటి తెలుసు?" అన్నాడు నాన్న.

మర్నాడు తీర్పు కోసం అందరం బంగళాకి వెళ్ళాం. సుల్తానమ్మగారు నా పేజీలు చదివించుకుని విన్నారు. ఉల్లిపొట్టు గుడ్ల దగ్గర మొదలైన నవ్వు కళ్ళనీళ్ళదాకా వచ్చింది. "ముసలమ్మా, నన్నూ నిన్నూ కలిపి ఒక్క వంశం సేసేసినాడే మీ గుంట మేష్టారు!" అన్నారు. మేష్టారి ముఖం వాడిపోయింది. అంతలోనే వెలిగింది. నిజమైన యూదురాలు ఎదురుగా కూర్చుని ఉంది కదా. "అమ్మా, తమ వంశ చరిత్ర సెలవిస్తే ఈ పిల్లలు వ్రాసుకుంటారు," అన్నారు.

అలా ఆ వేసంగి మాకు పని దొరికింది. మేష్టారు సత్రంలో దిగారు, చిట్టమ్మ బంగళాలోనే ఉండిపోయింది. రోజూ పొద్దున్నే వరండాలో ఆవిడ చెప్పేవారు, మేమిద్దరం రాసేవాళ్ళం.

"మాది స్పెయిను. నాలుగొందల ఏళ్ళ కిందట అక్కడో రాణి ఉండేది. నాలుగు నెల్ల గడువిచ్చి, మా మతంలోకి రండి, లేదా పొండి అన్నాది. మావోలు ఇల్లమ్మితే గాడిద వచ్చినాదట. ద్రాక్షతోట అమ్మితే గుడ్డముక్క. ఆ గాడిదెక్కి రేవుకి, అక్కణ్ణించి తుర్కీ, ఆనక అలెప్పో, ఆనక బస్రా, బొంబాయి, రంగం. ప్రతిచోటా, ఇదే కడాకరిది అనుకున్నారు."

"మరి ఇక్కడికో?" అంది చిట్టమ్మ. ఆమె చేతిలో గుడ్డు ఉంది. ఆ సెలవుల్లో చిట్టమ్మ తిన్న గుడ్లకి లెక్కలేదు.

"పెల్లయి వచ్చినాను. ఓడ అదిగో అంత దూరాన ఆగిపోనాది. పడవలోకి దింపితే కడుపులోదంతా కక్కేసినాను. ఒడ్డు కాడ నీళ్ళల్లోంచి నన్ను బుజం మీద ఎత్తుకొచ్చి ఇసకలో దింపినోడు ఈ గుంట తాత, మసేను." ఆవిడ నా వైపు చూశారు. "మసేను తండ్రి బంగారయ్య. తల్లి ఎర్రమ్మ, మా గయ్యాలిది. మసేను అన్న సోములు, మంచోడు."

గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతున్న మామ్మ ఆ పేర్లు వినబడగానే చెంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగిపోయింది. చెవులు మాత్రం ఇటే ఉన్నాయి. సుల్తానమ్మగారు మా ఇంటి కోడలు కారు గనక మా పేర్లన్నీ దాచిపెట్టుకున్నారు. నేను గబగబా రాసుకున్నాను. ఆ క్షణం నాకు ఏడుపొచ్చింది, ఎందుకో అప్పుడు తెలియలేదు.

నాలుగో రోజున రంగం నుంచి ఉత్తరం వచ్చింది. సుల్తానమ్మగారికి చూపు సరిగా ఆనదు, ఇంగ్లీషు ఉత్తరాలు నేనే చదివిపెట్టేదాన్ని. దావీదు దొర అన్న కొడుకు ఎలియాసు రాశాడు. పిన్నీ, వచ్చే ఓడలో వస్తున్నాను. ఇల్లు మూసేసి నిన్ను తీసుకుపోతాను. మనవాళ్ళు పదిమంది మగవాళ్ళు నిలబడందే ప్రార్థన సాగదు. అక్కడ ఒక్కరు లేరు. రేపు నీకేమైనా అయితే నీ మీద మంత్రం చదివే దిక్కుండదు. ఇంక నీ మాట వినను.

ఉత్తరం మడిచి ఇచ్చాను. సుల్తానమ్మగారు కిటికీ దగ్గరికి వెళ్ళారు. కిటికీకి ఎదురుగానే దొరగారి సమాధి. "ఈయన్ని ఒగ్గేసి ఎల్లమంటాడు," అన్నారు. నా చదువు సంగతి నాకు గుర్తొచ్చింది, కానీ సిగ్గేసి మింగేశాను.

మెట్ల మీద కూర్చున్న నాన్న గొంతు సవరించుకున్నాడు. "పదిమందేనా అమ్మా?"

"పదిమందే. కానీ యూదులు కావాల పైడన్నా."

"మేష్టారు మమ్మల్ని సేసేసినారు గదా. ఒకల్ని సేసినోరు పదిమందిని సెయ్యలేరేటి?"

సుల్తానమ్మగారు అవుననలేదు, కాదనలేదు. ఆవిడ కాదనలేదు గనక పని మొదలైంది.

మా వీధిలో ఉన్న పది ఇళ్ళ నుంచీ పదిమందిని నాన్న పోగుచేశాడు. కొండలు బావ, నరసన్న, కాసులు, దేముడు, ఇంకా ఎవరెవరో. నెత్తిన తువ్వాలు వేసుకోవాలి. వాళ్ళ పుణ్యక్షేత్రం అటే గనక పడమర ముఖంగా నిలబడాలి. ఎలియాసు దొర చదువుతూ ఆగినప్పుడల్లా ఆమేన్ అనాలి. మేష్టారు దగ్గరుండి తోటలో పది రోజులు నేర్పించారు. అబద్ధం ఆడిస్తున్నానన్న బాధ ఆయన ముఖంలో కనబడలేదు. చరిత్రకి సాయం చేస్తున్నానన్న తృప్తే ఉంది. శనివారం పొయ్యి వెలిగించకూడదన్న నియమం కూడా ఆ పదిళ్ళకీ గట్టిగా చెప్పారు. "మా ఆడోలకి పండగే," అన్నాడు నరసన్న.

గురువారం ఓడ వచ్చింది. ఎలియాసు దొరని ఒడ్డుకి తెచ్చింది నాన్న పడవే. దొర సన్నగా, పసుపుపచ్చగా, పడవ అంచు పట్టుకుని వాంతి చేసుకుంటూ వచ్చాడు. నాన్న తెడ్డు వేస్తూ కొండలు బావతో, "ఈడు బక్కోడు, పదిమందిని ఒక్కపాలి సూత్తే నమ్మెత్తాడు. నువ్వు మాత్రం నోరు ఇప్పకు," అన్నాడట. సరిగ్గా ఒడ్డు దగ్గర అల లేచేసరికి దొర ఒక్క అరుపు అరిచాడు.

"ఎత్తు! మెల్లగా దించు! జాగర్త ఎదవల్లారా!"

రంగం రేవులో బియ్యం మూటలు మోసేవాళ్ళంతా మన తెలుగువాళ్ళే. దొర వాళ్ళమీద అజమాయిషీ చేసి నేర్చుకున్న తెలుగు అది. నాన్న చేతిలో తెడ్డు ఆగిపోయింది. అలల హోరులో వినపడి ఉండదులే అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

శుక్రవారం సాయంత్రం సుల్తానమ్మగారు దీపాలు పెట్టి, చేతులతో కళ్ళు మూసుకున్నారు. హాల్లో పదిమందీ తువ్వాళ్ళు కప్పుకుని వరసగా నిలబడ్డారు. దొర పుస్తకం తెరిచి పడమరకి తిరిగాడు. మావాళ్ళు పదిమందీ ఒక్కసారిగా తూర్పుకి తిరిగారు. అటు సముద్రం ఉంది. సముద్రానికి వీపు పెట్టి దండం పెట్టిన వాడబలిజ అంతవరకూ పుట్టలేదు. పది రోజుల పాఠం ఆ ఒక్క క్షణంలో కాళ్ళు మరిచిపోయాయి. మేష్టారు తలుపు చాటునుంచి చేతులూపారు. ఎవరూ చూడలేదు.

దొర ఆ పది వీపుల వైపూ తల తిప్పి చూశాడు. ఏమీ అనకుండా చదువుకున్నాడు. ఆయన ఆగినప్పుడల్లా మావాళ్ళు "ఆమేన్" అన్నారు. మొదట మెల్లగా, తరవాత ఊపుగా. నాలుగోసారికి అది పడవ లాగే పాటలోకి దిగిపోయింది. అయిదోసారి నోరిప్పవద్దన్న కొండలు బావే "హైలెస్సా!" అన్నాడు. చిట్టమ్మ ఓణీ చెంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పారిపోయింది.

రాత్రి దొరకి జ్వరం తగిలింది.

తెల్లారి శనివారం. ఉక్కపోత. గాలి లేదు. మామ్మ ఎప్పటిలాగే వెనక గుమ్మంలోంచి వచ్చింది, జ్వరం సంగతి విని నాన్నా, నేనూ, మేష్టారూ వెంట వచ్చాం. లోపల దొర మంచం మీద మూలుగుతున్నాడు. సుల్తానమ్మగారు పక్కనే కుర్చీలో రాత్రంతా కూర్చున్నట్టున్నారు, కళ్ళు లోపలికి పోయాయి. ఆవిడకి పొద్దున్నే వేడి టీ పడకపోతే తల తిరుగుతుంది.

"సలిగా ఉంది ముసలమ్మా," అన్నారు ఆవిడ.

ఇది చెప్పాలి. శనివారం వాళ్ళు నిప్పు ముట్టుకోకూడదు. ఇంకొకళ్ళని వెలిగించమని అడగనూ కూడదు. అందుకని నలభై ఏళ్ళుగా ఆవిడ ఎండలు మండే మే నెలలో కూడా చలిగా ఉందని మాత్రం అనేవారు. ఆ మాట వింటే మామ్మ వెళ్ళి పొయ్యి వెలిగించేది.

మామ్మ అగ్గిపెట్టె తీసింది. నాన్న అడ్డం వచ్చాడు. "అమ్మా! ఏటి సేత్తన్నావు? మనం యూదులం. నువ్వు ఎలిగించకూడదు. ఈడు సూత్తున్నాడు."

మామ్మ ఆగింది. నిజమే. వీధిలో ఎవరినైనా పిలుద్దామంటే పది ఇళ్ళనీ నాన్నే యూదుల్ని చేసి కూర్చున్నాడు, చిట్టమ్మనీ మా ఇంటి పిల్లేనని దొరకి చెప్పేశాడు. అందరం ఒకరి ముఖం ఒకరు చూసుకుని, చివరికి మేష్టారి ముఖం చూశాం.

"నేనా?" అన్నారు ఆయన. పుట్టి నలభయ్యేళ్ళయినా ఆయన పొయ్యి ముట్టించి ఎరగరు. అయినా చరిత్ర కోసం ఉత్తరీయం సర్దుకుని వంటింట్లో కూలబడ్డారు. పచ్చి కట్టెలు పేర్చారు. పైన సరుగుడాకు వెయ్యాల్సింది కింద వేశారో, కింద వెయ్యాల్సింది పైన వేశారో, ఇల్లంతా పొగ. ఆరు పుల్లలు గీశారు. ఏడో పుల్ల ఉత్తరీయానికి అంటుకుంది. చిట్టమ్మ చెంబెడు నీళ్ళు పోస్తే ఉత్తరీయంతో పాటు పొయ్యి కూడా ఆరింది.

"సలిగా ఉంది," అన్నారు లోపలినుంచి సుల్తానమ్మగారు దగ్గుతూ.

మామ్మ పిడికిట్లో అగ్గిపెట్టె నలిగిపోతోంది. నాన్న రెండు చేతులూ జోడించాడు. "అమ్మా, ఒక్క పూట. ఈ ఒక్క పూట ఓర్సుకుంటే ఆయమ్మ ఇక్కడే ఉంటాది."

"సలిగా ఉంది ముసలమ్మా." మూడోసారి గొంతు సరిగా రాలేదు.

మామ్మ నాన్నని పక్కకి తోసింది. "నాను ఎవుల్నైతే నీకేటిరా? ఆయమ్మ సోలిపోతుంటే నాకు జాతి కావాలా?" మేష్టారి తడి కట్టెలు లాగి పారేసింది. ఎండాకు వేసి ఒక్క పుల్ల గీసింది. భగ్గున వెలిగింది.

వెనక్కి తిరిగేసరికి వంటింటి గుమ్మం పట్టుకుని దొర నిలబడి ఉన్నాడు. నాన్న కళ్ళు మూసుకున్నాడు. అయిపోయింది, సుల్తానమ్మగారు రంగానికి, నేను కొండలు బావ ఇంటికి అనుకున్నాను.

దొర పీట లాక్కుని కూర్చున్నాడు. మామ్మ టీ ఇచ్చింది. ఒకటి తాగాడు. ఇంకోటి అడిగాడు.

"ప్రతి శనారం వత్తావా?" అన్నాడు తెలుగులో.

"మరి? ఇంకెవులొత్తారు?"

"వానలో?"

"గొడుగుంది గదా."

సుల్తానమ్మగారు గోడ పట్టుకుని వచ్చి నిలబడ్డారు. "దీని మొగుడు మసేను బుదారం సచ్చిపోనాడు ఎలియాసూ. మూన్నాల్లకి శనారం. ముండమోసినోల్లు ఏడాదిదాకా గడప దాటకూడదు ఈల్లకి. ఎవులికీ కనపడకుండా చీకట్నే దొడ్డిగుమ్మాన వచ్చి పొయ్యి ఎలిగించి ఎల్లిపోనాది."

మామ్మ ఆ మాట విననట్టు కెటిల్లో నీళ్ళు పోస్తోంది. దొర తనే లేచి ఖాళీ గ్లాసు మామ్మ పక్కన పెట్టాడు. "గుడ్లున్నాయా?" అన్నాడు. ఉన్నవాటిలో చిట్టమ్మ మిగిల్చినవి రెండు.

సోమవారం ఓడకి దొర ఒక్కడే బయల్దేరాడు. పడవ ఎక్కబోతూ జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి మామ్మతో, "పిన్ని క్షేమం తెలియాలంటే ఎవరికి రాయాలి? ఇంటి పెద్ద పేరు చెప్పు," అన్నాడు. మామ్మ ఇబ్బందిపడింది. మొగుడి పేరు అనకూడదు. కొడుకు పేరు చెబుదామంటే, వాడు చేసిన నిర్వాకం ఇంకా కళ్ళముందే ఉంది.

"ముసలమ్మ అని రాసుకోండి," అంది.

పడవలో నాన్నతో దొర అన్నాడట, "బక్కోణ్ణే, కానీ చెవుడు లేదు పైడన్నా" అని. మరి రెండు నెలలు నాన్న ఒడ్డున చుట్ట తాగుతూ కనబడలేదు. మేష్టారు నా పది పేజీలూ తిరగరాయించి పదికి నాలుగు వేశారు. ఆధారాలు చాలవట. చిట్టమ్మకి మార్కులు పెంచారు.

ఆషాఢంలో మా వీధికి మొదటిసారి ఒక ఆడమనిషి పేరున ఉత్తరం వచ్చింది. పోస్టు జవాను ముసలమ్మ ఎవరని మూడిళ్ళలో అడిగాడు. నేను చదివిపెట్టాను, నేనే జవాబు రాశాను. పిన్ని బాగుంది, సమాధి చుట్టూ కంచె వేయించాం, దీపం పెడుతున్నాం. నెలకో ఉత్తరం రావడం, నెలకో జవాబు పోవడం. ఆ దసరాకి నాన్న నా పెళ్ళిమాట ఎత్తాడు. మామ్మ చేట కింద పెట్టింది.

"గుంటని బడి మానిపించెయ్. ఆ ఇంగ్లీసు ఉత్తరాలు నీ బాబు వచ్చి సదువుతాడు."

నీ బాబంటే ఎవరో నాన్నకి అర్థమయ్యేసరికి ఆ మాట అక్కడితో ఆగిపోయింది. నేను బరంపురంలో చదువు పూర్తిచేసి, ట్రైనింగయి, గోపాలపురంలోనే టీచర్నయ్యాక కొండలు బావనే చేసుకున్నాను. ఇక్కడ ఆయన పేరు ఇన్నిసార్లు రాశాను. రాస్తే తప్పు లేదు, నోటితో అంటేనే తప్పు.

సుల్తానమ్మగారు 1940లో నిద్రలో పోయారు. దొరగారి పక్కనే పెట్టాం. మంత్రం చదివేవాళ్ళు లేరు. మామ్మ మాత్రం ఆ శనివారమూ ఆ తరవాతా అలవాటు తప్పక బంగళాకి వెళ్ళి, ఎవరూ అడగని పొయ్యి వెలిగించి వచ్చేది. నేను వద్దనలేదు.

1942 వేసంగిలో, ఒక శుక్రవారం మధ్యాహ్నం, ఎలియాసు దొర వచ్చాడు. ఓడ లేదు, పడవ లేదు. బాంబులు పడ్డ రంగం నుంచి తెలుగు కూలీలతో కలిసి అడవుల్లో నడిచి, ఎక్కడో రైలెక్కి, బరంపురం నుంచి మళ్ళీ నడిచి వచ్చాడు. కాళ్ళకి గోనెగుడ్డలు కట్టుకున్నాడు. మిగిలిందల్లా జేబులో ఆ ప్రార్థన పుస్తకం. దారిలో అన్నం పెట్టిన కూలీల పేర్లు ఒక్కొక్కటే మామ్మకి చెప్పాడు.

పొద్దు వాలుతుండగా సమాధుల దగ్గరికి తీసుకెళ్ళాం. పుస్తకం తెరిచాడు. అటూ ఇటూ చూసి మళ్ళీ మూసేశాడు. మా నాన్న తల అప్పటికి నెరిసిపోయింది. భుజం మీద తువ్వాలు తీసి చేత్తో నలుపుతూ భయంభయంగా అడిగాడు.

"పదిమందిని పిలవమంటావా దొరా?"

దొర తల ఎత్తి చూశాడు. కళ్ళ నిండా నీళ్ళున్నాయి, నవ్వు కూడా ఉంది.

"పిలు పైడన్నా. ఈసారి సముద్రానికి వీపు పెట్టమను."

కొండలు బావ అందరికంటే ముందొచ్చాడు. పదిమందీ తువ్వాళ్ళు నెత్తిన వేసుకుని, సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డారు.